ఆవగింజకు కన్ను ఉద్యోగం

బడినుంచి మళ్ళీ వచ్చింది. రేపు పొద్దున్నకల్లా, చార్టు మీద, 'వంటింట్లో దొరికే వస్తువులతో' ఒక బొమ్మ. ఏ బొమ్మన్నది పిల్ల ఇష్టం, పూర్తి చెయ్యడం తల్లి ఖర్మ, కొట్టు మూసేలోగా జిగురు డబ్బా కోసం పరిగెత్తడం తండ్రి వంతు. ఇంతకు మించి వివరించనక్కర్లేదు. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ బడికెళ్ళే పిల్లలున్న ఏ ఇంటికైనా ఇది తెలిసిన బాధే. రాత్రి తొమ్మిదిన్నరకి పోపులపెట్టె తెరుచుకుంటుంది. నెమలి ఒంటికి పెసలు, పింఛానికి కందిపప్పు, కాళ్ళకి దాల్చినచెక్క. పళ్ళున్న జంతువైతే పళ్ళకి బియ్యం, నాలుక చాపిన జంతువైతే ఎండుమిరపకాయ. కన్ను మాత్రం ఎప్పుడూ ఆవగింజే. ఏ జాతి పక్షికైనా, ఏ మతం దేవుడికైనా, ఏ పార్టీ నాయకుడికైనా కంటి ఉద్యోగం ఆవగింజకే ఇస్తారు. ఈ నియామకం ఎవరు చేశారో, ఏ అర్హత చూసి చేశారో అన్న ప్రశ్న పది రోజులుగా నా బుర్ర తొలిచేస్తోంది.

పిల్లల చార్టుతో ఆగితే ఎలాగో సర్దుకుపోవచ్చు. ఇప్పుడీ జబ్బు పెద్దలకీ పట్టుకుంది. పట్నాల్లో ఆదివారంపూట రుసుము పుచ్చుకుని మరీ నేర్పుతున్నారు: కాఫీపొడితో బుద్ధుడు, పసుపుతో పొద్దుతిరుగుడు పువ్వు, అనాసపువ్వుల మీద రెజిన్ పోసి గోడగడియారం. దీనికి వంట స్ఫూర్తితో చేసిన మిక్స్‌డ్ మీడియా అని పేరు. మిశ్రమ మాధ్యమం అని తెలుగులో అనొచ్చుగానీ, అలా అంటే ఎవరూ డబ్బు కట్టరు. అవతలి వైపు నుంచి పెద్ద హోటళ్ళవాళ్ళు బయల్దేరారు. చక్రమంత తెల్ల పళ్ళెంలో ఓ మూల చెంచాడు ఉప్మా పెట్టి, గోంగూర పచ్చడిని కుంచెతో తోకచుక్కలా సాగదీసి, పక్కన పలాస జీడిపప్పు ఒక్కటంటే ఒక్కటి నిలబెట్టి, ఇది చిత్రకళ అంటున్నారు. చిత్రకారులు వంటింట్లో దూరి, వంటవాళ్ళు చిత్రశాలలో దూరి, మధ్యలో మనకి కడుపూ నిండడం లేదు, కన్నూ నిండడం లేదు. అసలు మిశ్రమ మాధ్యమం అంటే అదేనేమో అనిపించే వస్తువు మనకి ఎప్పట్నుంచో ఉంది. పేపరు చింపి కట్టిన మిక్చరు పొట్లం. లోపల మిశ్రమం, బయట మాధ్యమం. తింటూ చదవొచ్చు. నూనె ఇంకిన చోట వెనకపేజీ వార్త కూడా ముందుకి కనిపిస్తుంది. రుసుము లేదు.

సరే, సణుగుడు పక్కనపెట్టి వాదానికి వస్తాను. వంటింటి సరుకు బొమ్మలోకి వెళ్ళడం నాకు అభ్యంతరం కాదు. వెళ్ళినచోట పనీపాటా లేకుండా కూర్చోవడమే అభ్యంతరం. పెళ్ళికి నాలుగురోజుల ముందే దిగి, ఒక్క అరిటాకు కడగకుండా, ఫొటోలో మాత్రం మొదటి వరసలో నిలబడే చుట్టం ఉంటాడు చూశారా, చార్టు మీది కందిపప్పు అలాంటిది. అది అక్కడ దేన్నీ అంటించదు, దేన్నీ ఆరబెట్టదు, దేని రంగునీ మార్చదు. 'ఓహో, కందిపప్పే!' అనిపించుకోవడం తప్ప దానికి వేరే పని లేదు. ఈ రెండు జిల్లాల్లో మగ్గానికీ, మద్దెల పక్కన వీణకీ, ఇత్తడి బిందెకీ, మట్టిగోడకీ వంటిల్లు తరతరాలుగా సరుకు పంపుతూనే ఉంది. కానీ పంపిన ప్రతి వస్తువుకీ అక్కడ ఒళ్ళు వంచే పని ఉంది. ఆ తేడా తెలియాలంటే ముందు ఆవగింజ సంగతి తేల్చుకోవాలి. కొంచెం పక్కదారి. కొంచెం అంటున్నానుగానీ ఎక్కువే అవుతుంది.

ఆవగింజ పుట్టుకతో శాంతమూర్తి. గింజగా ఉన్నంతసేపు వాసన లేదు, ఘాటు లేదు, నోట్లో వేసుకుని మింగేసినా పలకదు. దాని కోపానికి కావలసిన సరంజామా లోపల రెండు వేరువేరు గదుల్లో ఉంటుంది, ఉమ్మడి ఇంట్లో తోడికోడళ్ళలాగ. మధ్య గోడ ఉన్నంతకాలం ఇల్లు ప్రశాంతం. రోట్లో వేసి నూరి నాలుగు నీటిచుక్కలు చల్లారా, గోడ కూలి ఇద్దరూ ఎదురుపడతారు. ఆ ఎదురుపాటులో పుట్టేదే ముక్కులోంచి నడినెత్తికెక్కే ఆవఘాటు. ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆ ఇద్దరిలో ఒకామె ఎంజైము, వేడికి తట్టుకోలేదు. అందుకే కాగిన నూనెలో పడ్డ ఆవగింజ చిటపటమని గోల చేసి ఊరుకుంటుంది, కుట్టదు. అందుకే ఆవ పెట్టే కూరకి, పొయ్యి మీంచి దించి ఆవిరి తగ్గాకే నూరిన ముద్ద కలుపుతారు. ముందే కలిపితే ఘాటు చచ్చి చేదు మిగులుతుంది. కూరలో కాస్త పులుపు ఉంటే ఆ ఘాటు తొందరగా పోకుండా నిలుస్తుంది. ఎంజైము పేరు తెలియకుండానే ఇదంతా మన వంటవాళ్ళ చేతివేళ్ళకి తెలుసు. అంటే ఆవగింజకి లోకంలో రెండు వృత్తులున్నాయి: పోపులో శబ్దం, ఆవలో కోపం. ఈ రెండింటికీ కంటికీ ఏ సంబంధమూ లేదు, నీళ్ళు తెప్పించడం తప్ప.

పోనీ, ఆకారం చూసి ఇచ్చారనుకుందాం. గుండ్రంగా ఉంటుంది కాబట్టి కన్ను. కానీ గుండ్రంగా ఉండేది దొర్లుతుంది. ఎడమ కన్ను పెట్టి కుడికన్నుకి వెళ్ళేలోగా ఎడమది చెవిలోకి పోతుంది. మన జిల్లాల బడిగోడల మీద వేలాడే దేవుళ్ళలో సగంమందికి మెల్లకన్ను రావడానికి కారణం ఇదే. అర్హతే చూడాలనుకుంటే వంటింట్లో మంచి అభ్యర్థులు ఇంకా ఉన్నారు. పొట్టుతో ఉన్న మినపగింజని చూడండి: నల్లటి గింజ, పక్కన సన్నటి తెల్లచార, అచ్చం కనుగుడ్డు. పైగా ఒకవైపు పడుకుంటుంది, దొర్లదు. బొబ్బర్లయితే ఇంకా నయం, వాటికి కన్ను పుట్టుకతోనే ఉంది, నల్లమచ్చ పెట్టుకునే వస్తాయి. గురివింద అందరికంటే అందగత్తె, కానీ అది విషం, వంటింటి గడప తొక్కకూడదు. ఇంతమందిని పక్కనపెట్టి ఆవగింజని తీసుకోవడంలో ఏదో సిఫార్సు జరిగింది. ఒకసారి జిగురులో మునిగాక దాని బతుకు అంతే. ఇక పేలదు, కుట్టదు, మొలవదు. రెండు వృత్తులున్న గింజని తీసుకొచ్చి, చూపులేని కన్నుగా జీవితాంతం కూర్చోబెట్టారు. నా గొడవ మొత్తం ఇదే. ఆవగింజని ఇంతసేపు పట్టుకు వేలాడటానికి కారణం అదే తప్ప, పొద్దుపోక కాదు.

ఆవ పెట్టిన కూరల్లో పట్టపురాణి పనసపొట్టు. ఆ పనసచెట్టే విజయనగరం జిల్లా బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణ అవుతుంది. ఒకే మానులోంచి కుండా దండీ అతుకులేకుండా తొలిచి చేస్తే దాన్ని ఏకాండి వీణ అంటారు. దాని మీద ఇరవైనాలుగు మెట్లు నిలబెట్టడానికి తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి మేళం కడతారు. కర్ర, మైనం, బొగ్గు, లోహం, తీగ: లెక్కకి ఐదు మాధ్యమాలు. అయినా గొల్లపల్లిలో ఎవరూ తాము మిశ్రమ మాధ్యమ కళాకారులమని చెప్పుకోగా వినలేదు. పనసని ఎంచుకున్నది పనసపొట్టు మీది మమకారంతో కాదు. ఆ కర్ర తేలిక, చక్కగా మోగుతుంది, పురుగు తొందరగా పట్టదు. అందుకని ఎంచుకున్నారు. ఈనాటి ఆదివారం కార్యశాలకి అప్పగిస్తే ఏం చేసేవారో ఊహించుకోండి. పనసకి గౌరవార్థం వీణకుండ నిండా ముళ్ళు చెక్కేవారు, ఒళ్ళో పెట్టుకున్నవాడి గతి తరవాత సంగతి. బొగ్గుది కూడా అంతే. పొయ్యిలోంచి వచ్చింది కదా అని దాన్ని వీణ మీద ఎవరికీ చూపించరు. మైనం మెత్తబడి మెట్టు కదిలితే శ్రుతి పోతుందిగనక, దాన్ని గట్టిపరచడానికి లోపల కూర్చుని పని చేస్తుంది. అయితే నిజాయితీగా ఒకటి ఒప్పుకోవాలి. అదే ఊళ్ళో మూరెడు జ్ఞాపిక వీణలు కూడా చేస్తారు. సన్మానాల్లో శాలువాతోపాటు చేతికిచ్చి, తరవాత అద్దాల బీరువాలో పెట్టేవి. వాటికీ చార్టు మీది ఆవగింజకీ పెద్ద తేడా లేదు. కాకపోతే ఆ బొమ్మ వీణల మీదే చాలా పొయ్యిలు వెలుగుతున్నాయి కాబట్టి, వాటిని వెక్కిరించడానికి నోరు రాదు.

పొందూరుకి వెళ్తే నా వాదానికి గట్టి సాక్షి దొరుకుతుంది, అది కూడా చేపల కూరలోంచి. అక్కడ ఖద్దరుకి పత్తిని మొదట శుభ్రం చేసేది వాలుగ చేప దవడతో. ఆ దవడలో సన్నటి పళ్ళు బారులు బారులుగా ఉంటాయి. గింజని అంటిపెట్టుకున్న దూదిని దాంతో దువ్వుతారు. నలకా నుసీ రాలి, పోగులు ఒకేవైపు తలదువ్వుకున్నట్టు సాపుగా వస్తాయి. తరవాత గింజ తీసి, చిన్న వింటితో ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటిదొప్పలో మాసిపోకుండా దాచుకుంటారు. అక్కడినుంచి రాట్నం మీద నూరో నంబరు నూలు దాకా వెళ్తుంది. నూలు సన్నదనానికి గాంధీగారు ముచ్చటపడ్డారంటే ఊరికే కాదు. ఏకు మేకైందని మనం చెడ్డగా వాడతాంగానీ, అక్కడ మేకు లాంటి ఎముకే ఏకుకి తల్లి. ఇందులో నాకు నచ్చే తమాషా ఇంకొకటి. చేప పేరెత్తితే మూడు గుక్కలు నీళ్ళు తాగే శుద్ధ శాకాహార పెద్దమనుషులు, మడికి పనికొస్తుందని పొందూరు పంచె కట్టుకుని జపానికి కూర్చుంటారు. ఆ పంచె మీద తొలిపని చేసినది చేప నోరు. ఎవరూ బాధపడలేదు, ఎందుకంటే ఎవరికీ కనపడలేదు. చేపని పంచె అంచుమీద బొమ్మగా నేసి ఉంటే గొడవయ్యేది. పని చేసిన వస్తువు పని అయ్యాక పక్కకి తప్పుకుంటుంది. అలంకారానికి వచ్చిన వస్తువు మాత్రం పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ ముందే కూర్చుంటుంది.

చింతపండుది ఇంకో రకం కథ. శ్రీకాకుళం జిల్లా సారవకోట దగ్గర బూడితిలో ఇత్తడి సామాను చేస్తారు. ఇత్తడి నల్లబడితే తోమేది చింతపండుతో. దాని పులుపు లోహం మీది కిలుముని కరిగించి లాగేస్తుంది. బాగుంది. కానీ అదే పులుపు, అదే ఇత్తడిగిన్నెలో చారుగా మరిగితే, అదే నిజాయితీతో రాగిని కూడా కరిగించి చారులోకి లాగుతుంది. కిలుము చారు తాగితే కడుపు తిప్పుతుంది. వంటామెకీ కంచరికీ మధ్య వచ్చిన ఈ తగువుని తీర్చడానికి పుట్టిన రాజీపత్రమే కళాయి. గిన్నె లోపల తగరం పూత, బయట ఇత్తడి మెరుపు. లోపల చింతపండు వండొచ్చు, బయట చింతపండుతో తోమొచ్చు. పొర మీద పొర వెయ్యడమే మిక్స్‌డ్ మీడియా అంటున్నారు కాబట్టి అడుగుతున్నాను, ఏ పొర ఎందుకో ఇంత స్పష్టంగా తెలిసిన చిత్రం ఏ ప్రదర్శనశాలలో ఉందో చూపించండి. వీధుల్లో 'కళాయి వేస్తాం' అని అరుచుకుంటూ తిరిగినవాళ్ళ మాటలో కళ ముందే ఉంది, మనమే 'యి' దగ్గర ఆగిపోయాం. ఇక చింతచెట్టు గొప్పదనం చెప్పాలంటే, విజయనగరంలో దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లమ్మ పూజారిని ఆకాశంలో ఊరేగించే సిరిమాను కూడా చింతమానే. కాయ చారుకి, పండు ఇత్తడికి, మాను అమ్మవారికి. ఒక్కటీ ఖాళీగా లేదు.

ఇక్కడ ఎవరైనా చెయ్యెత్తి అడుగుతారు: 'తిండిగింజలు బొమ్మలకి వాడొద్దంటున్నావు, మరి ముగ్గుపిండి సంగతేమిటి?' మంచి ప్రశ్న, జవాబు ఇంకా మంచిది. నేను వృథా గురించి మాట్లాడటం లేదు. బియ్యప్పిండి ముగ్గు మధ్యాహ్నానికి చీమలపాలు అవుతుంది, అది దాని రెండో ఉద్యోగం. సీతంపేట మన్యంలో, ఇప్పటి పార్వతీపురం మన్యం జిల్లాలో, సవరలు ఎర్రమట్టి అలికిన గోడమీద బియ్యప్పిండి తెలుపుతో పుల్లకుంచె పట్టి బొమ్మలు వేస్తారు. సవరల భాషకి గిడుగు రామమూర్తిగారు వ్యాకరణం రాస్తే, వాళ్ళ నమ్మకాలమీద మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1955లో పెద్ద పుస్తకమే వేశాడు. ఆ గోడ బొమ్మలు గది అందం కోసం పుట్టినవి కావు. పోయినవాళ్ళనీ, దేవతలనీ పిలిచి కూర్చోబెట్టి, జబ్బు తగ్గించమనో పంట ఇమ్మనో మాట్లాడుకోవడానికి కట్టిన ఇళ్ళు. ఇంటికొచ్చిన వాళ్ళకి అన్నం పెట్టాలి కాబట్టి బొమ్మే బియ్యంతో ఉంటుందేమో అని నాకనిపిస్తుంది, అది నా ఊహ మాత్రమే. ఆ బియ్యప్పిండికి అతిథిమర్యాద పని ఉంది. చార్టు మీది బియ్యానికి పంటి పని. రెండూ బియ్యమేగా అంటే, బియ్యమే.

మన రాష్ట్రం దక్షిణాన శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళు ఇంకా ముదుర్లు. గుడ్డని కరక్కాయ రసంలోనూ గేదెపాలలోనూ ముంచి ఆరబెడతారు, పాలలో కొవ్వు లేకపోతే సిరా పాకిపోయి రాముడి విల్లు సీత చెవిదాకా వస్తుంది. నల్లరంగుకి బెల్లమూ తుప్పుపట్టిన ఇనుమూ నీళ్ళలో రోజుల తరబడి పులియబెడతారు. పాలు, బెల్లం, పులియబెట్టడం. ఇంతవరకు పొయ్యి ఒక్కటే తక్కువ. మరీ దూరం పోనక్కర్లేదు, సినిమా పోస్టరు చూడండి. గోడకి అంటించేది ఉడికించిన మైదాజిగురుతో. మైదా లేకపోతే హీరో లేడు. రాత్రి అంటిస్తే పొద్దున్నే ఆవులొచ్చి అంచునుంచి మొదలుపెట్టి కమ్మగా నమిలేస్తాయి. సినిమాని ఇంత లోతుగా జీర్ణించుకున్న విమర్శకులు పత్రికల్లో కూడా లేరు. వంటింటి వస్తువూ బొమ్మా కలిసి, పని అయ్యాక మళ్ళీ తిండిగా మారిపోయిన ఉదాహరణ ఇంతకన్నా నాకు దొరకలేదు. ఆవుకి కాగితం మంచిది కాదన్నది వేరే గొడవ.

విదేశాల్లో ఇదంతా ఎప్పుడో చేశారని చెప్పేవాళ్ళుంటారు. చేశారు. డానియెల్ స్పోరి అని ఒకాయన 1960లో మొదలుపెట్టి, భోజనం అయ్యాక బల్లమీద మిగిలిన కంచాలూ గ్లాసులూ ఎముకలూ సిగరెట్టు పీకలూ ఎక్కడివక్కడ జిగురుతో అంటించి, బల్లని నిలువుగా లేపి గోడకి వేలాడదీశాడు. 1968లో జర్మనీలో డ్యూసెల్డార్ఫ్‌లో హోటలే తెరిచాడు. మన భాషలో చెప్పాలంటే ఎంగిలికంచాల ప్రదర్శన. అంట్లు తోమకుండా పడుకుంటే ఇక్కడ బద్ధకం, అక్కడ ఉద్యమం. అంతకు ముందు ఇటలీలో మారినెట్టి అనే కవి 1932లో ఏకంగా వంటపుస్తకం వేశాడు. అందులో ఒక విందులో కుడిచేత్తో ఆలివ్ పళ్ళు తింటూ ఎడమచేత్తో గరుకుకాగితమూ పట్టూ ముఖమల్ గుడ్డా నిమరాలి. వెనకనుంచి పరిమళం చల్లుతారు, విమానం మోత వినిపిస్తారు. పాపం, ముల్లుగరిటెతో తినేవాళ్ళకి స్పర్శ కోసం గరుకుకాగితం కావలసివచ్చింది. వేడన్నంలో నెయ్యి పోసి పప్పు కలుపుకునే చేతికి ఆ అవసరం లేదు, పట్టూ ముఖమలూ అందులోనే ఉన్నాయి. జంతిక కొరికితే విమానం మోత కూడా ఉచితం. అయినా స్పోరిని నేను పూర్తిగా కొట్టెయ్యను. అతని బల్లమీది ఎంగిలికంచం ఒక పని చేసింది. అక్కడ నలుగురు కూర్చుని తిన్నారని సాక్ష్యం చెప్పింది. మన కందిపప్పు నెమలి ఆ మాట కూడా చెప్పదు. అక్కడ ఎవరూ తినలేదు, పైగా మర్నాడు పప్పుకి ఇబ్బంది.

ఇప్పుడు పళ్ళెం మీద చిత్రాలు వేసే హోటళ్ళ వంతు. కళ దగ్గర వంట నేర్చుకోవలసింది లేదని నేను అనను. ఉంది, కానీ అది గీత కాదు, పొరా ఓపికా. మామిడితాండ్ర చూడండి. చాప మీద మామిడిరసం పల్చగా పోసి ఎండబెడతారు. ఎండాక దానిమీద ఇంకో పూత, మళ్ళీ ఎండ, మళ్ళీ పూత. కింది పొర తడి ఆరకముందే పైది పోస్తే మొత్తం పాడు, మరీ ఎండిపోయాక పోస్తే రెండూ కలవవు. పొరలుగా నూనెరంగులు వేసే చిత్రకారుడికీ దాదాపు ఇదే సూత్రం. తాండ్ర కోస్తే పక్కనుంచి ఆ గీతలు కనిపిస్తాయి, ఏ రోజు ఎండ ఎంత కాసిందో పొర పొరకీ రాసి ఉంటుంది. అక్కడ కుంచె లేదు, సంతకం లేదు, పళ్ళెం పక్కన గోంగూర తోకచుక్క లేదు. ఆ తోకచుక్క పచ్చడిని తీసుకెళ్ళి మన పల్లెలో ఏ ముసలమ్మకైనా చూపించండి. 'ఏటమ్మా, ఇది తినీదా, సూసీదా?' అంటుంది. కళావిమర్శలో ఇంతకంటే సూటి ప్రశ్న లేదు.

నా మీద పడే అసలు ఆక్షేపణ నాకు తెలుసు. పాతదంతా బంగారం, కొత్తదంతా తగరం అనే ముసలిపాట అని. కాదు. తగరం గొప్పదనం ఇందాకే చెప్పాను. జిగురు డబ్బా మైదా ఉడుకుకంటే మంచి జిగురే, పురుగు పట్టదు. పసుపుతో బొమ్మ వేస్తే ఎండకి నెలల్లో వెలిసిపోతుంది, అక్కడ డబ్బారంగే మేలు. దాన్ని వాడమనే చెబుతాను. రెండో ఆక్షేపణ, పిల్లల్లో సృజన పెరుగుతుంది కదా అన్నది. పెరుగుతుందేమోగానీ, రాత్రి పదిన్నరకి పిల్ల నిద్రపోయాక పెరిగేది తల్లి సృజన. అదీ పెరగదు, అరుగుతుంది. పిల్లకి ఒక చెంచాడు ఆవాలూ చిన్న కల్వమూ ఇచ్చి, సగం నూరి వాసన చూడమనండి. మిగతా సగం వేడినూనెలో వేయించి తినమనండి. రెండింటికీ తేడా ఎందుకో మాస్టారు చెప్పమనండి. చార్టు అక్కర్లేదు, మార్కులు వెయ్యడానికి మాత్రం ఇబ్బంది.

ఇంత వాదించాక ఒక సంగతి గొంతులో ముల్లులా మిగిలింది. పొందూరులో చేపదవడ పట్టుకుని పత్తి దువ్వే చేతులు చాలావరకు ముసలి చేతులు. తరవాతి వాళ్ళు ఆ పీటమీద కూర్చోవడం లేదు, కూర్చోమని చెప్పడానికి ఆ కూలి ఎవరికీ నోరు ఇవ్వడం లేదు. బూడితి గిన్నె స్థానంలో ప్రతి ఇంట్లోనూ స్టీలు వచ్చింది, మా ఇంట్లోనూ. సవర బొమ్మలు గోడ దిగి కాగితం ఎక్కాయి, గోడలకి సిమెంటు వచ్చింది. ఎంత పని చేసినా పని చేసిన వస్తువులే ముందు వెళ్ళిపోయాయి, ఖాళీగా కూర్చున్న కందిపప్పు చార్టు మీద పదిలంగా ఉంది. ఇంకొకటి. పొడి పొట్లాలు కత్తిరించి వంట చేసుకునే ఇళ్ళలో, పెసలు వేళ్ళమధ్య జారితే ఎలా ఉంటుందో, మినుముకీ ఆవకీ తేడా ఏమిటో ఆ పిల్ల చేతికి తెలిసేది ఆ దిక్కుమాలిన రాత్రే. తల్లీ కూతురూ ఒకే దీపం కింద ఒకే పోపులపెట్టె మీదికి వంగి కూర్చునేదీ ఆ రాత్రే. ఆవగింజ అక్కడ చేస్తున్న పని నాకు కనపడలేదేమో.

కనపడకపోతే పోనీ, వచ్చేవారం చార్టు సిద్ధంగానే ఉంది: కూరగాయల అచ్చులు. బెండకాయని అడ్డంగా కోసి, రంగులో అద్ది, కాగితం మీద నొక్కితే పువ్వు. దీనిమీద నాకు ఏ తగువూ లేదు. కూరగాయకి నిజంగా పని దొరికింది, పైగా లేతకాయ పనికిరాదు, నొక్కితే చితికిపోతుంది. గదులు గట్టిపడ్డ ముదురుకాయకే గీతలు తీరుగా పడతాయి. అంటే లేతది కూరకి, ముదురుది బొమ్మకి, ఎవరి ఉద్యోగం వాళ్ళకి. ఒక్కటే చిక్కు, మార్కెట్లో అందరికీ ముదురువే తూస్తున్నారు.